ఎంచుకున్నవాళ్ళ జ్వరం

బస్సు డిపోలో మెట్లెక్కగానే ఎడమవైపు కనిపించే గదిని టైంటేబుల్ సెక్షన్ అంటారు. సెక్షన్ అనగానే పదిమంది కూర్చుని పనిచేసే చోటు అనుకునేరు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పాత కంప్యూటరు, కింది వర్క్‌షాపు నుంచి ఎక్కొచ్చే డీజిల్ వాసన, వాటి మధ్య ఒకే ఒక్క మనిషి. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. అయినా అందరూ టైంటేబుల్ అమ్మాయి అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళప్పుడు ఉద్యోగంలో చేరింది, అప్పుడు పెట్టిన పేరుని మార్చే తీరిక ఆ తర్వాత ఎవరికీ దొరకలేదు.

పొద్దున ఎనిమిదింటికి ఆమె కిందికి దిగి, ఏ బస్సు మొరాయించింది, ఏ డ్రైవరుకి ఒంట్లో బాగాలేదు, ఏ రోడ్డు తవ్వి పోశారు అని కనుక్కుని చీటీ మీద రాసుకునేది. పైకొచ్చి ఆ వివరాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి బటన్ నొక్కేది. అక్కణ్ణించి రెండుంబావు గంటలు అది ఆలోచించేది. ఆ తర్వాత ప్రింటరు కరకరమంటూ ఆ రోజుకి నూట పన్నెండు బస్సులు ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో కాగితాల మీద కక్కేది.

ఆ లెక్కలు కట్టే ప్రోగ్రామ్ రాసింది వాళ్ళ మేనత్త. అదే గదిలో, అదే కుర్చీలో ముప్పై ఏళ్ళు కూర్చుని రాసింది. అందులో ఏముందో చెప్పమంటే ఒక పూట పడుతుంది. ఆస్పత్రి స్టాపులో ఏడో నంబరు బస్సు నాలుగు నిమిషాలు ఆగాలని దానికి తెలుసు, ఎందుకంటే డ్యూటీ దిగిన నర్సులు బట్టలు మార్చుకుని రావాలి. మిల్లు సైరన్ మోగిన తొమ్మిది నిమిషాల వరకూ గేటు ముందునుంచి ఏ బస్సూ కదలకూడదని తెలుసు. చెవిటి పిల్లల బడి దగ్గర డ్రైవరు హారన్ కొట్టి లాభం లేదు కాబట్టి రెండు నిమిషాలు ఎక్కువ ఇవ్వాలని తెలుసు. అత్త రిటైరై ఎనిమిదేళ్ళయినా, ఊరు మొత్తం ఆవిడ చెప్పిన టైముకే ఇల్లు చేరుతోంది.

అంతా బాగానే ఉండేది, వంతెన మరమ్మతు రాకపోతే.

కొత్తగా వచ్చిన మేనేజరు గారు ఒకరోజు స్వయంగా మెట్లెక్కి వచ్చారు. చెడ్డ మనిషేం కాదు. పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సిన మనిషి, అంతే.

"చూడమ్మా, ఒకటో తారీకు నుంచి వంతెన పని మొదలు. ఏ రోజు ఏ వైపు మూస్తారో పదకొండున్నరకి గానీ చెప్పరట. ఒంటిగంటకి మిల్లు షిఫ్టు మారుతుంది. అంటే పన్నెండూ నలభై కల్లా కొత్త టైంటేబుల్ డ్రైవర్ల చేతిలో ఉండాలి. ఎక్కించడానికీ పంచడానికీ పది నిమిషాలు తీసేస్తే లెక్కకి మిగిలేది గంట. నీ మెషీన్‌కి ఎంత పడుతుంది?"

"రెండుంబావు సార్."

"ఒక కంపెనీవాళ్ళు పావుగంటలో ఇస్తామంటున్నారు."

"వాళ్ళకి నర్సుల సంగతి తెలుసా సార్?"

"తెలీదు. చెప్పినా వాళ్ళ దాంట్లో ఎక్కించే వీల్లేదట. నాకూ ఇష్టం లేదు. కానీ రెండుంబావు గంటలు నేనెక్కణ్ణించి తేను? కొత్త కంప్యూటర్ ఒకటి రాసిస్తాను, నీకు కావలసింది తెచ్చుకో. ఒకటో తారీకున గంటలోపు వచ్చిందా, సెక్షన్ ఉంటుంది. లేకపోతే రెండో తారీకు నుంచి ఆ కంపెనీ. నువ్వు కిందికి, పాసుల కౌంటర్‌కి."

ఆయన వెళ్ళాక ఆమె చాలాసేపు గోడ మీద రూట్ల పటం చూస్తూ కూర్చుంది. పాసుల కౌంటర్‌లో కూర్చుంటే జీతమేమీ తగ్గదు. కానీ ఏడో నంబరు బస్సు నాలుగు నిమిషాలు ఆగకుండా వెళ్ళిపోతుంటే ఆ కౌంటర్ కిటికీలోంచి రోజూ చూడాలి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అత్తని బతిమాలింది. "ఇప్పటి ప్రాసెసర్లలో ఎనిమిదేసి, పదహారేసి కోర్లుంటాయి అత్తా. నీ ప్రోగ్రామ్ ఒక్కదాన్నే వాడుకుంటుంది. మిగతావి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాయి. పని పదహారు వాటాలు వేసేలా తిరగరాస్తే?"

అత్త కళ్ళజోడు పైకి తోసి చూసింది. "ఏమే, ఒక బస్సు ఎప్పుడొస్తుందో తేలితేనే కదా రెండోది ఎంతసేపు ఆగాలో తెలిసేది? వరసలో నిలబడాల్సిన పనిని పదహారు మందికి పంచితే, అందరూ ముందువాడి మొహం చూస్తూ నిలబడతారు. ఆ మాత్రం నాకు తెలీక ముప్పై ఏళ్ళు ఒంటి చేత్తో రాశానంటావా?"

"కోప్పడకు. మరెలా?"

"ఆ ఒక్కదాన్నే పరిగెత్తించు. ఓవర్‌క్లాకింగ్ అంటారు చూడు. కంపెనీవాళ్ళు పెట్టిన వేగాన్ని దాటి తోలడం. బోర్డు బాబాయి దగ్గరికి వెళ్ళు."

బోర్డు బాబాయి కొట్టు గడియారాల వీధి చివర ఉంది. ఆయన ఎప్పుడూ పల్చటి బనీనుతో, కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు. అందరి జేబుల్లో పెన్నులుంటే ఆయన చేతికందేలా థర్మామీటర్లుంటాయి. కంప్యూటర్ భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు ఎవరు ఎంచుకుంటే ఆ మెషీన్ వేడి వాళ్ళ ఒంటికే వస్తుంది కాబట్టి, ఊళ్ళో ఎవరూ తమ బోర్డు తాము ఎంచుకోరు. ప్రాసెసరు, మెమరీ, డబ్బా, ఇవన్నీ ఎవరికి నచ్చినవి వాళ్ళు తెచ్చుకుంటారు. బోర్డు దగ్గరకొచ్చేసరికి మాత్రం బాబాయి వేలు పెట్టి ఇది అనాలి. ఆ తర్వాత బిగింపు పనంతా ఆయన భార్య పిన్నిది. అలా బాబాయి మూడొందల పన్నెండు బోర్డులు ఎంచాడు. అందుకే ఏ రోజు చూసినా ఒళ్ళు తొంభై తొమ్మిది డిగ్రీలకి తక్కువుండదు. కాలేజీ వాళ్ళ పరీక్షలు దగ్గరపడితే నూట ఒకటి దాటుతుంది, అప్పుడు కొట్టుకి సెలవు.

సంగతంతా విని బాబాయి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మామూలు మెషీన్ అయితే చెప్పు, ఇప్పుడే ఎంచుతాను. ఓవర్‌క్లాకింగ్ మాత్రం నా వల్ల కాదు."

"మామూలుగా అయితే ఎంతలో వస్తుంది బాబాయ్ గారూ?"

ఆయన అత్త ప్రోగ్రామ్ సంగతి గుచ్చి గుచ్చి అడిగి, వేళ్ళ మీద లెక్కేసి చెప్పాడు. "గంటా పన్నెండు నిమిషాలు. తోలితే యాభై ఆరు, యాభై ఏడు."

పన్నెండు నిమిషాల దగ్గర మునిగిపోతున్నానని ఆమెకి అర్థమైంది. మొహం చిన్నబోయింది. అది చూసి పిన్ని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. "ఆయన్ని తప్పు పట్టకమ్మా. పదేళ్ళ కిందట ఫొటో స్టూడియో ఆయన చెప్పా పెట్టకుండా వేగం పెంచేశాడు. ఈయనకి తొమ్మిది రోజులు నూట నాలుగు. పెళ్ళి ఫొటోలు కడుగుతున్నాననుకుని నా చీరలన్నీ బక్కెట్లో ముంచి దండెం మీద ఆరేశాడు. డాక్టరు ఇంకోసారి అలా జరిగితే నా దగ్గరికి తీసుకురావద్దన్నాడు."

"అయితే నేనే ఎంచుకుంటాను," అంది ఆమె.

బాబాయి థర్మామీటర్ తీసి చూసుకుని మళ్ళీ పెట్టాడు.

"ఒక రోజు జ్వరం కాదమ్మా," అన్నాడు. "వంతెన పూర్తయ్యేదాకా, ఆ తర్వాత ఆ మెషీన్ ఉన్నన్నాళ్ళూ, రోజూ గంట."

"ఎలా ఉంటుంది?"

జవాబు పిన్ని చెప్పింది. "అలవాటైపోతుంది. కాకపోతే చిరాకు పుట్టినప్పుడు అది నీదో మెషీన్‌దో తెలీదు. మా ఇంట్లో సగం గొడవలు ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్లవే."

ఆమె నవ్వింది. భయం ఉంది, కానీ నవ్వొచ్చింది.

అలా మూడు మధ్యాహ్నాలు డిపో నుంచి సెలవు పెట్టి కొట్టుకి వచ్చి నేర్చుకుంది. మొదటిరోజు బాబాయి ఒక చెడిపోయిన బోర్డుని ఎదురుగా నిలబెట్టి, ఏ భాగం వేడి ఒంట్లో ఎక్కడికొస్తుందో చెప్తూ పరిచయం చేశాడు. "ప్రాసెసర్ వేడెక్కితే నుదురు. మెమరీ అయితే కుడిచేతి వేళ్ళు. ఈ అడుగున ఉన్న చిప్‌సెట్ పొత్తికడుపు. ఇదిగో, ప్రాసెసర్ పక్కన ఈ వరస చూశావా? బయటినుంచి వచ్చే కరెంటుని పాళ్ళు తగ్గించి ప్రాసెసర్‌కి వడ్డించేది ఇదే. దీన్ని పవర్ ఫేజులంటారు. ఇది ఎడమ భుజం. నుదురు కాలితే భయపడకు, కాలుతుంది. భుజం కాలిందంటే మాత్రం ఊరుకోకు. అది మితిమీరితే బోర్డు తనంతట తానే వేగం తగ్గించేస్తుంది. నీ పన్నెండు నిమిషాలూ అక్కడే పోతాయి."

రెండోరోజు మూడు బోర్డులు బల్ల మీద పెట్టాడు. మూడూ వేగం పెంచనిచ్చేవే. మొదటిది చూడగానే ఆమె మనసు లాగేసింది. నల్లటి తొడుగు, అంచుల వెంట రంగురంగుల దీపాలు, మధ్యలో వెండి గీతలు. చెయ్యి చాచబోయింది.

"ఆగు! ఇదే అనకు!" అని బాబాయి సగం లేచాడు. "ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే అది నీదే. ముందు పట్టుకుని చూడు, ఊరికే."

పట్టుకుంటే తేలిగ్గా ఉంది. పిన్ని ఆ తొడుగు ఊడదీసి చూపించింది. లోపలంతా ప్లాస్టిక్కు. ఫేజుల మీద అగ్గిపెట్టె మందం అల్యూమినియం ముక్క ఒకటి, దాని కింద మెత్తటి ప్యాడు సగం వరకే అంటింది. "దీపాలకి పెట్టిన శ్రద్ధ భుజానికి పెట్టలేదు," అంది పిన్ని. "ఇది పెళ్ళిచూపుల బోర్డు."

రెండోది బరువుగా ఉంది. ఎన్ని ఫేజులున్నాయో లెక్కపెట్టింది ఆమె. పద్నాలుగు. చాలా సంబరపడింది. బాబాయి భూతద్దం ఇచ్చి మళ్ళీ చూడమన్నాడు. చూస్తే ఏడింటినే రెండేసి చేసి వరసలో నిలబెట్టారు. నిజానికి అదీ చెడ్డదేం కాదు, కానీ బరువంతా వెనకాల ఉన్న ఇనప రేకుది. దాని సెట్టింగుల తెర తెరిచి చూస్తే కరెంటుని ఆటోలో వదిలేయడం తప్ప సన్నగా తగ్గించుకునే వీల్లేదు. తోలడానికి మెషీన్ అవసరమైనదానికన్నా ఎక్కువ కరెంటు లాగేస్తుంది, ఆ లాగినదంతా ఎవరి ఒంటికి చేరుతుందో చెప్పక్కర్లేదు.

మూడోది ఎవరూ ముట్టుకోక అట్టపెట్టె మీద దుమ్ము పట్టింది. బూడిద రంగు. దీపాల్లేవు. ఫేజుల మీద లోహపు పలకలు దువ్వెన పళ్ళలా దగ్గరదగ్గరగా లేచి ఉన్నాయి, వాటి మధ్య రాగి గొట్టం. ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే ప్లగ్గులు రెండున్నాయి. సెట్టింగుల్లో కరెంటుని వెంట్రుకవాసి చొప్పున తగ్గించుకోవచ్చు. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తింది. పలకల్ని వేలితో నొక్కి చూసింది, కదల్లేదు. వెనక్కి తిప్పి చూసింది, వాసన చూసింది, మళ్ళీ తిప్పింది. ఒక గంట సేపు దాన్నే పట్టుకుని కూర్చుంది. కొట్టుకి వచ్చిన ఒకాయన, ఈవిడ బోర్డు ఎంచుకుంటోందని తెలిసి మర్యాదగా బయట నిలబడ్డాడు.

"ఏమనిపిస్తోంది?" అన్నాడు బాబాయి.

"దీనికి అందం లేదు."

"లేదు."

"భుజం గట్టిది."

బాబాయి వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఆ పని ఆమె ఒక్కతే చెయ్యాలి. ఆమెకి ఒక్కసారిగా ఇంటికి పారిపోదామనిపించింది. రోజూ గంట జ్వరం. ఏళ్ళ తరబడి. ఎవరో నర్సులు బట్టలు మార్చుకోవడానికి. ఆ నర్సుల్లో ఒక్కరి పేరు కూడా తనకి తెలీదు. అయినా వాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చి, ఎక్కి, ఊపిరి పీల్చుకుని కిటికీ పక్కన కూలబడటం తను ఎన్నిసార్లు చూసిందో. బూడిద రంగు బోర్డు మీద అరచెయ్యి పెట్టి, "ఇదే," అంది.

పిన్ని వచ్చి ఆమె తల నిమిరింది.

మూడోరోజు మెషీన్ బిగింపు పూర్తయింది. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, నోట్లో థర్మామీటర్ పెట్టి, పిన్ని కీబోర్డు దగ్గర చేరింది. వేగం ఒక మెట్టు పెంచడం, అత్త ప్రోగ్రామ్‌ని కాసేపు నడపడం, వేడి ఎక్కడుందో అడగడం. మొదటి మెట్టుకి చెంపలు వెచ్చబడ్డాయి. మూడో మెట్టుకి నుదురు భగ్గుమంది. అయిదో మెట్టుకి మెషీన్ నీలం తెర వేసి కూలబడింది, ఆమెకి ఒళ్ళంతా ఒక్క ఝల్లు. "వెనక్కి రెండు మెట్లు," అన్నాడు బాబాయి. "ఇప్పుడు కరెంటు తగ్గించుకుంటూ రా. కొద్దికొద్దిగా. అమ్మాయి భుజం చెప్పేదాకా." పిన్ని తగ్గిస్తుంటే ఎడమ భుజం మీద పెట్టిన చెయ్యి తీసేసినట్టు తేలికవుతూ వచ్చింది. చివరికి జ్వరం నూరు పాయింట్ ఆరు దగ్గర కుదురుకుంది. నిన్నటి చీటీతో మొత్తం లెక్క నడిపించి చూశారు. యాభై ఆరు నిమిషాలు.

ఆమె థర్మామీటర్ నోట్లో ఉందని మరిచిపోయి కేక పెట్టబోయింది.

నెలాఖరు రోజున కొత్త మెషీన్ డిపోలో ఆమె బల్ల పక్కన నిలబడింది. డిపో అంతా వచ్చి చూసి వెళ్ళింది. ఒకటో తారీకున పదకొండున్నరకి వంతెన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, తూర్పు వైపు మూసేశారు. రెండు నిమిషాల్లో ఆమె వివరాలు ఎక్కించింది. పదకొండూ ముప్పై రెండుకి బటన్ నొక్కింది. చేత్తో అంకెలు సర్దారని తర్వాత ఎవరూ అనకూడదని మేనేజరు గారు గదికి తాళం వెయ్యడానికి సిద్ధమయ్యారు. ఆ తాళం కోసం ఆయన తన గదికి వెళ్ళి రావడానికి, ఆమె మెట్లు దిగి కింద ఆవరణలోకి రావడానికి మధ్య ఓ నిమిషం గడిచింది.

ఆయన తాళం వేసి దిగొచ్చాక ఆవరణలో వేపచెట్టు నీడన ఇద్దరూ నిలబడ్డారు. ఆమె నుదురు మెల్లగా వేడెక్కుతోంది. మేనేజరు గారు ఆమె మొహం చూసి, "మొదలైందా?" అని అడిగారు. మొదలైందని చెప్పింది. ఆయన తన మంచినీళ్ళ సీసా ఇచ్చారు.

పన్నెండూ నాలుగుకి ఎడమ భుజం మీద ఎవరో ఇస్త్రీపెట్టె ఆనించినట్టయింది. కాసేపు ఓర్చుకుంది. పెరుగుతోంది.

"సార్, భుజం."

"నుదురు కాదా?"

"కాదు సార్. భుజమే. గాలి ఆడట్లేదు. వెనక ఏదో అడ్డం ఉంది. ఇంకొంచెం కాలితే అదే వేగం తగ్గించేసుకుంటుంది. తలుపు తియ్యండి సార్."

ఆయన జేబులో తాళంచెవి మీద చెయ్యి వేసుకుని ఆలోచించారు. పెట్టిన నియమం ఆయనదే. తీస్తే పరీక్ష చెల్లదని పైవాళ్ళంటారు. ఎదురుగా ఆమె చెమటలు కక్కుతోంది. "నువ్వు రావద్దు," అన్నారు చివరికి. "ఇక్కడే నిలబడు, అందరి ముందూ. నేను వెళ్తాను. ఏం చెయ్యాలో కిందినుంచి చెప్పు."

ఆ వయసులో ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. కాసేపటికి పై కిటికీ రెక్కలు తెరుచుకుని తల బయటికొచ్చింది.

"ఫ్యాన్ వేశాను! తగ్గిందా?"

"లేదు సార్!"

"కిటికీ తీశాను!"

"ఊహూఁ!"

కండక్టర్లు టిక్కెట్ల పెట్టెలు సర్దుకోవడం మానేసి పైకి చూస్తున్నారు. వర్క్‌షాపులోంచి మెకానిక్కులు వచ్చారు. మేనేజరు గారు లోపలికి మాయమై మళ్ళీ ప్రత్యక్షమయ్యారు.

"అమ్మాయ్! దీనికెవరో కోటు తొడిగారు!"

జనంలో ఒక తల కిందికి వంగింది. డిపోలో సీటు కవర్లు కుట్టే మావయ్యది. ఈ డిపోలో కొత్తది ఏదొచ్చినా, బస్సు గానీ బల్ల గానీ గోడ గడియారం గానీ, ఆయన కొలతలు తీసుకుని రెక్సిన్‌తో కవరు కుట్టి తొడగడం ముప్పై ఏళ్ళ మర్యాద. నిన్న సాయంత్రమే కొలతలు తీసుకున్నాడు. ఎర్ర పైపింగు వేసి, నాలుగు వైపులా బిగుతుగా వచ్చేలా రాత్రి కుట్టాడు. ఇందాక తాళం పడబోయే ఆ ఒక్క నిమిషంలో పైకెళ్ళి, మెషీన్ పనిలో ఉంది కదా అని దానికి అడ్డు రాకుండా, ఎంతో ప్రేమగా తొడిగేసి వచ్చాడు.

"దుమ్ము పడుతుందని తల్లీ," అన్నాడు మావయ్య. "వర్క్‌షాపు దుమ్ము నీకు తెలియంది కాదు."

ఆమెకి తిట్టాలో నవ్వాలో తెలీలేదు. "తియ్యండి సార్, తీసెయ్యండి!" అని పైకి అరిచింది.

"బిగుతుగా ఉందమ్మా! రావట్లేదు!"

"కింద కుడివైపు జిప్పుంది సార్!" అని మావయ్య ఏడుపు గొంతుతో అరిచాడు.

జిప్పు చప్పుడు కిందికి వినపడిందంటే అబద్ధం, కానీ ఆమె భుజం మాత్రం విన్నది. చల్లటి గాలి తగిలింది. ఒక్కొక్క పలక సందులోంచి వేడి లేచిపోతున్నట్టు తెలిసింది. "తగ్గుతోంది!" అనగానే ఆవరణంతా హమ్మయ్య అంది. మేనేజరు గారు రెక్సిన్ కవరు చంకలో పెట్టుకుని, తలుపుకి మళ్ళీ తాళం వేసి కిందికి దిగొచ్చారు.

కానీ ఆమె గుండె కుదుటపడలేదు. భుజం కాలుతున్నప్పుడు నడుమ కొన్ని నిమిషాలు నుదురు చల్లబడింది. అంటే మెషీన్ భయపడి వేగం తగ్గించుకుంది. ఎంతసేపు? మూడు నిమిషాలా? నాలుగా? యాభై ఆరుకి నాలుగు కలిపితే ఏమవుతుందో డిపోలో ఏ కండక్టరైనా చెప్పగలడు.

పన్నెండూ ఇరవై. నుదురు మళ్ళీ భగభగమంటోంది. ఇంత వేడి పుట్టినందుకు జీవితంలో ఎవరూ ఇంత సంతోషపడి ఉండరు. మావయ్య తన తువ్వాలు కొళాయి కింద తడిపి తెచ్చి ఆమె నుదుటి మీద వెయ్యబోతే, చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. "వద్దు మావయ్యా. కాలనీ. తెలియాలి నాకు."

పన్నెండూ ఇరవై ఎనిమిది. మేనేజరు గారు చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నారు. పన్నెండూ ముప్పై. ఆమె చెట్టు బోదెకి వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. స్టార్టయి ఉన్న బస్సు ఇంజన్ని ఎవరో ఆపేశారు. ఆమె మనసులో ఇంకేం లేదు, నుదురు ఒక్కటే ఉంది. అక్కడ అత్త రాసిన వరసలో ఒక బస్సు తర్వాత ఇంకో బస్సు నిలబడి కదులుతోంది. నూట తొమ్మిది. నూట పది.

వేడి పోయింది. మెల్లగా కాదు, ఒక్కసారిగా, తలుపు వేసినట్టు. మెడ వెనకనుంచి చెమట జలజలా దిగింది.

"అయిపోయింది సార్," అంది కళ్ళు తెరవకుండానే.

మేనేజరు గారు పైకి వెళ్ళి చూడలేదు. అరచేతిలో గడియారం చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. "పన్నెండూ ముప్పై ఒకటి. యాభై తొమ్మిది నిమిషాలు."

పైనుంచి ప్రింటరు కరకరమనడం వినపడింది. అప్పుడు ఆవరణంతా ఒక్కసారి మాట్లాడటం మొదలెట్టింది. ఎవరో తాళంచెవి పుచ్చుకుని వెళ్ళి తలుపు తీసి కాగితాలు పట్టుకొచ్చారు. మేనేజరు గారు మొదటి కాగితం మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయి, ఏడో నంబరు దగ్గర ఆగారు. వంతెన తూర్పు వైపు మూసినా, చుట్టూ తిరిగి వెళ్ళినా, ఆస్పత్రి స్టాపులో ఆ బస్సుకి నాలుగు నిమిషాలు అలాగే ఉన్నాయి. ఆయన కాగితాలు మైకు గదికి పంపారు.

తలుపు తీసినా పరీక్ష చెల్లిందా, సెక్షన్ ఉంటుందా అని ఆమె అడగలేకపోయింది. ఆయన కొద్ది దూరం వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగారు.

"స్టోర్‌లో మడతమంచం ఒకటి ఉండాలి. పైకి వేయించుకో."

"మంచమెందుకు సార్?"

"రోజూ గంట జ్వరంతో కుర్చీలో ఏం కూర్చుంటావమ్మా? పడుకో." ఆయన మావయ్య వైపు తిరిగారు. "నువ్వు ఆ మంచానికి కుట్టుకో నీ కవరు."

"రోజూ" అన్న మాటకి అర్థమేమిటో ఆమెకి ఒక క్షణం ఆలస్యంగా తట్టింది. తట్టగానే అక్కడే, అందరి ముందూ, చెట్టుకింద గచ్చు మీద కూర్చుని ఏడ్చేసింది. దగ్గరికొచ్చిన కండక్టరు ఒకామె, "జ్వరం మళ్ళీ వచ్చిందా?" అని కంగారుగా నుదురు పట్టుకు చూసింది.

"లేదక్కా," అంది ఆమె. "ఇది నాదే. సంతోషం."

మైకులో కొత్త టైములు చదవడం మొదలైంది. డ్రైవర్లు కాగితాలు అందుకుని బస్సుల వైపు నడిచారు. ఆమె ముక్కు తుడుచుకుని లేచి, మడతమంచం అడగడానికి స్టోర్ వైపు వెళ్ళింది.